సూదీ దారం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి ఇబ్బంది ఒకటే. వేరే ఊరివాళ్లతోనో వేరే దేశంవాళ్లతోనో కలిసి చేతిపని చేయాలనుకున్నారు. పని ఇద్దరికీ వచ్చు. పేర్లు, కొలతలు, అలవాట్ల దగ్గరే తేడా వచ్చి ఆగిపోయారు. అలాంటి ఐదు ప్రశ్నలు ఈసారి తీసుకున్నాం.

మా కోడలు స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ఉంటుంది. వాళ్ల పక్కింటి పెద్దావిడ గుండ్రటి క్రోషియా బల్లగుడ్డ నమూనా ఒకటి చేత్తో రాసి నాకు పంపింది. నేను క్రోషియా అంతా యూట్యూబులోనే నేర్చుకున్నాను. ఆవిడ రాసిన లెక్క ప్రకారం అల్లుతుంటే ఆరో వరసకల్లా గిన్నెలా పైకి లేస్తోంది. రెండుసార్లు విప్పి అల్లాను. తప్పు నా చేతిదా, ఆవిడ లెక్కదా?
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

ఇద్దరిదీ కాదమ్మా, తప్పు పేరుది. ఆ కాగితంలో 'డబుల్ క్రోషే' అని ఉండి ఉంటుంది, చూడండి. బ్రిటన్‌లో డబుల్ క్రోషే అంటే పొట్టి కుట్టు. సూది దూర్చి దారం లాగితే సూది మీద రెండు ఉచ్చులు ఉంటాయి. మళ్లీ దారం అందుకుని రెండింట్లోంచీ ఒకేసారి తీసేస్తారు. అమెరికావాళ్లు ఇదే కుట్టును సింగిల్ క్రోషే అంటారు. అమెరికా డబుల్ క్రోషే వేరు. ముందు సూదికి దారం ఒక చుట్టు చుట్టుకుని, ఉచ్చులను రెండేసి చొప్పున రెండు విడతల్లో తీసే పొడుగు కుట్టు అది. బ్రిటన్‌లో దాని పేరు ట్రెబుల్. యూట్యూబులో ఎక్కువగా అమెరికా పేర్లే వాడతారు కాబట్టి మీరు పొట్టి కుట్టు రావలసిన ప్రతిచోటా పొడుగు కుట్టు వేశారు.

గిన్నె ఎందుకయిందో లెక్కలోనే తెలుస్తుంది. పొట్టి కుట్టుతో వృత్తం చదునుగా రావాలంటే వరసకు ఆరు కుట్లు పెంచుకుంటూ పోవాలి: 6, 12, 18 అలా ఆరో వరసకు 36. పొడుగు కుట్టయితే వరసకు పన్నెండు పెరగాలి, ఆరో వరసకు 72 ఉండాలి. మీరు 36 కుట్ల లెక్కతో పొడుగు కుట్లు వేశారు. కేంద్రం నుంచి అంచుకు దూరం పెరిగిపోయింది, చుట్టుకొలతేమో సగమే వచ్చింది. అంచు బిగిసి పైకి లేవక ఏం చేస్తుంది? అదే అమెరికా నమూనాను బ్రిటన్ పేర్లతో అర్థం చేసుకుంటే దీనికి తలకిందులుగా అంచంతా అలలు తేలుతుంది. గిన్నె అయితే ఒక తప్పు, అలలయితే రెండోది. ఈ గుర్తు మనసులో పెట్టుకుంటే చాలు. గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే సర్దుకుంటుందని ఎవరైనా అంటే వినకండి. సగం చుట్టుకొలతను గంజి తెచ్చిపెట్టలేదు.

మిగతా పేర్లూ ఇలాగే ఒక మెట్టు జరుగుతాయి. అమెరికా హాఫ్ డబుల్ అంటే బ్రిటన్ హాఫ్ ట్రెబుల్, అమెరికా ట్రెబుల్ అంటే బ్రిటన్ డబుల్ ట్రెబుల్. గొలుసు, స్లిప్ స్టిచ్ మాత్రం ఇద్దరికీ ఒకటే. నమూనా ఏ దేశానిదో తెలియకపోతే 'సింగిల్ క్రోషే' అనే మాట వెతకండి. ఇప్పటి బ్రిటన్ పద్ధతిలో ఆ పేరు లేదు కాబట్టి అది కనబడితే చాలావరకు అమెరికాదే. కుట్టు వదిలేయమనడానికి 'మిస్' అని రాస్తే బ్రిటన్, 'స్కిప్' అని రాస్తే చాలావరకు అమెరికా.

సూది నంబరు దగ్గర ఇంకో గోతి ఉంది. అమెరికా 8 నంబరు (హెచ్ అక్షరంతో వచ్చేది) 5 మిల్లీమీటర్లు. పాత బ్రిటన్ 8 నంబరు 4 మిల్లీమీటర్లే. పెద్దావిడ తన కాలపు సూది నంబరు రాసి ఉంటే నంబరు పక్కన పెట్టి మిల్లీమీటర్లు ఎంతో అడగండి.

దీనంతటికీ మేలైన దారి బొమ్మ. జపాన్ పుస్తకాల్లో మాటల కంటే గుర్తులే ఎక్కువ: కోడిగుడ్డు ఆకారం గొలుసు, చుక్క స్లిప్ స్టిచ్, ఇంటూ గుర్తు లేదా కూడిక గుర్తు పొట్టి కుట్టు, ఇంగ్లీషు టి అక్షరం ఒకటే ఉంటే సగం పొడుగు, దాని ఒంటి మీద ఒక అడ్డగీత ఉంటే పొడుగు, రెండుంటే ఇంకా పొడుగు. గుండ్రటి అల్లికను నడిమి నుంచి మొదలుపెట్టి, కుడిచేతివాటం వాళ్లు గడియారం ముల్లుకు ఎదురు దిశలో చదవాలి. మీరు అల్లిన మొదటి నాలుగు వరసలూ ఈ గుర్తులతో గీసి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి పంపండి. ఆవిడకు అమెరికా పేర్లు తెలియకపోయినా బొమ్మ చూడగానే తెలిసిపోతుంది.

మన నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ల చేతుల్లో ఉన్న లేసు అల్లికను నేర్పింది 19వ శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీలే. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆవిడ నమూనాకు జవాబుగా నరసాపురం అంచు ఒకటి మీరు పంపితే ఎంతో బాగుంటుంది.

మాది మగ్గం వర్క్ షాపు. ఫ్రాన్స్‌లో ఫ్యాషన్ చదువుతున్న ఒక అమ్మాయి రెండు వారాలు మా పనివాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకుంటానంటోంది. 'లూనెవిల్' అనే పని తనకు వచ్చట. ఆమెకు తెలుగు రాదు, మావాళ్లకు ఇంగ్లీషు రాదు. మొదలు ఎక్కడ పెట్టాలి?
— అరండల్‌పేట, గుంటూరు

మగ్గం బిగించడంతో మొదలుపెట్టండి. అక్కడ మాటల అవసరం రాదు. లూనెవిల్ తూర్పు ఫ్రాన్స్‌లో ఒక పట్టణం. ఆ అమ్మాయికి వచ్చిన పని మీ మగ్గం సూదికి దగ్గర చుట్టమే. గుజరాత్‌లో చెప్పులు కుట్టే మోచీలు తోలు మీద వాడిన కొక్కెం సూదే బట్ట మీదకు వచ్చి ఆరి పని, అంటే మీ మగ్గం పని, అయింది. ఆసియా నుంచి ఈ గొలుసు కుట్టు 18వ శతాబ్దంలో యూరప్‌కు చేరింది. ఫ్రెంచిలో దాన్ని 'తాంబూర్' అన్నారు, అంటే డోలు. బట్టను డోలు తోలులా బిగిస్తారు గనక ఆ పేరు. మీ షాపులో కూడా బిగించిన బట్టను వేలితో కొట్టి చప్పుడు వినే కదా పని మొదలుపెడతారు. ఆ అమ్మాయీ అదే చేస్తుంది.

తేడా వచ్చేది బట్ట ఏ వైపు పైకి ఉంటుందన్న దగ్గర. మనవాళ్లు ముఖం వైపు పైకి పెట్టి, పూసను సూది మీదకు ఎక్కించుకుని, కిందనున్న దారాన్ని కొక్కెంతో పూసలోంచి పైకి లాగుతారు. లూనెవిల్‌లో బట్టను తిరగేసి బిగిస్తారు. పూసలన్నీ ముందే దారానికి గుచ్చి ఉంటాయి, ఆ దారం కింద ఎడమచేతిలో ఉంటుంది. పైన కుట్టేవాళ్లకు గొలుసు మాత్రమే కనిపిస్తుంది, పూసలు కింద, అంటే ముఖం వైపు, వరసగా కూర్చుంటాయి. ఒక్కో గొలుసు కన్నుకు ఒక్కో పూస కిందనుంచి వేలితో ముందుకు తోస్తారు.

అందుకే మొదటి రోజే జరిగే పొరపాటు ఒకటుంది. మీ బట్ట మీద దిద్దిన డిజైను ఆమె పద్ధతిలో కుట్టాలంటే అద్దంలో బొమ్మలా తిప్పి, వెనక వైపు దిద్దాలి. లేకపోతే కుడిచేతి మామిడిపిందె ఎడమచేతికి వస్తుంది. చిల్లులు పొడిచిన ట్రేసింగు కాగితాన్ని తిరగేసి పరిచి దిద్దితే సరిపోతుంది. నెట్ మీద, ఆర్గంజా మీద మొదలుపెట్టించండి, గీత రెండు వైపులా కనబడుతుంది.

ఆమె సూదికి పిడి మీద చిన్న మర ఉంటుంది. కొక్కెం నోరు మర ఉన్న దిక్కుకే ఉండేలా బిగించుకుంటారు, బట్ట కింద కొక్కెం కనబడకపోయినా మరను చూసి దిక్కు తెలుసుకోవడానికి. మనవాళ్లు ఆ దిక్కును వేళ్లతోనే పసిగడతారు. ఆమె సూదులు 70 నుంచి 120 దాకా నంబర్లతో వస్తాయి, నంబరు పెరిగే కొద్దీ లావు. సన్న పట్టుదారానికి 70, 80 చాలు. జరీ, లావు దారానికి పైవి.

సూది బట్టను పట్టుకుని రానివ్వకపోవడం ఇద్దరికీ ఉండే జబ్బే. కారణాలు రెండే. దారం అందుకున్నాక సూదిని అర చుట్టు తిప్పకుండా లాగడం ఒకటి. రెండోది సూదిని పడుకోబెట్టి గుచ్చడం. నిటారుగా దించి, దారం చుట్టుకుని, అర చుట్టు తిప్పి, కొక్కెం వీపుతో రంధ్రాన్ని కొంచెం వెనక్కి నెట్టుతూ పైకి తేవాలి. బట్ట వదులైతే ఎంత తిప్పినా పట్టేస్తుంది, ముందు మగ్గం మేకులు సరిచూడండి. వరస చివర ముడి పడకుండా దారం తెంపితే గొలుసు మొత్తం ఒక్క లాగుడుకు ఊడిపోతుందని మీకు చెప్పనక్కర్లేదు. ముగింపు ఆమె ఎలా వేస్తుందో మీవాళ్లను చూడమనండి, మీవాళ్లు వేసేది ఆమెను చూడమనండి.

మా సలహా: మొదటి మూడు రోజులు ఒకే డిజైను, అరచేయంత, రెండు మగ్గాల మీద రెండు పద్ధతుల్లో కుట్టించండి. పొడవైన పూసల వరసల్లో ఆమె ముందుంటుంది. కుందన్లు, జర్దోసి పొదిగేచోట ముఖం చూస్తూ కుట్టే మీవాళ్లదే పైచేయి. ఎవరి దగ్గర ఏది తీసుకోవాలో ఎవరూ చెప్పకుండానే ఇద్దరికీ అర్థమవుతుంది. రెండు వారాల జీతం, ఎవరి డిజైను ఎవరిదన్న విషయం మాత్రం ముందే కాగితం మీద పెట్టుకోండి. చేతులు కలిసినంత తేలిగ్గా లెక్కలు కలవవు.

మా అపార్ట్‌మెంట్లో బెంగాలీ, రాజస్థానీ కుటుంబాలున్నాయి. మాచర్ల వైపు తండా నుంచి వచ్చిన లంబాడీ ఆవిడ ఒకరు అద్దాల పని బాగా చేస్తారు. అందరం కలిసి ఒక బొంత కుట్టి, మేడ మీద పాపకు ఉయ్యాల రోజున ఇవ్వాలనుకున్నాం. ఒకసారి ప్రయత్నిస్తే చదరాలు ఒక్కొక్కటి ఒక్కో కొలత వచ్చాయి, మధ్యలో బుడగ తేలింది. సరిగ్గా ఎలా చేయాలి?
— పటమట, విజయవాడ

ఈ ప్రశ్న వచ్చినందుకు మాకు చాలా సంతోషంగా ఉంది. పాత బట్టలు పొరలుగా పేర్చి పరుగు కుట్టుతో కలపడం మన బొంత, బెంగాల్ కాంథా, బీహార్ సుజనీ, మహారాష్ట్ర గోధడీ, జపాన్ సాషికో అన్నింటికీ పునాది. ఉత్తర కన్నడ అడవుల్లో ఉండే, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు కుట్టే కవంద్ కూడా ఆ కుదురుదే. మీలో ఎవరూ కొత్తగా ఏదీ నేర్చుకోనక్కర్లేదు, కొలత ఒకటి పెట్టుకుంటే చాలు.

పరిమాణం 4 చదరాలు అడ్డం, 6 నిలువు, మొత్తం 24 పెట్టుకోండి. ఒక్కో చదరం 10 అంగుళాలు, కుట్టుకు చుట్టూ అర అంగుళం పోతే 9 మిగులుతుంది. బొంత 36 బై 54 అంగుళాలు వస్తుంది, పాపకు సరిపోతుంది. ఈ కొలతే చెప్పడానికి కారణముంది. కింద పొరలకు ఒక పాత నూలు చీర అతుకు లేకుండా సరిపోతుంది. అయిదున్నర మీటర్ల చీర అంటే సుమారు 216 అంగుళాలు. అందులో 60 అంగుళాల ముక్కలు మూడు తీయండి, చీర వెడల్పు నలభై అయిదుకు అటూఇటూ ఉంటుంది కాబట్టి నాలుగు వైపులా ఓరకు బట్ట మిగులుతుంది. పై చదరాలతో కలిపి నాలుగు పొరలు. మన ఎండలకు దూది అక్కర్లేదు. మిగిలిన 36 అంగుళాల ముక్కలోంచి రెండున్నర అంగుళాల పట్టీలు అయిదు తీస్తే అంచుపట్టీకి సరిపోతాయి.

మీ చదరాల కొలత తప్పడానికి కారణం పని ఒత్తు. కాంథా కుట్టు దగ్గరదగ్గరగా పడితే బట్టను లోపలికి గుంజుతుంది. అతుకు పని గుంజదు. అద్దాల పని చుట్టూ కొంచెం గుంజుతుంది. అందుకని అందరికీ 11 అంగుళాల ముక్కలివ్వండి. మీటరు బ్లౌజు ముక్కలో తొమ్మిదైనా వస్తాయి. పని నడిమి 8 అంగుళాల్లోనే ఉండాలి. పూర్తయ్యాక అట్టతో చేసిన 10 అంగుళాల చట్రం పెట్టి అందరివీ ఒకేసారి కత్తిరించండి. కుట్టకముందు కొలిచి ఏం లాభం లేదు, కుట్టాక కొలవాలి.

బట్టంతా నూలుదే కావాలి, ఒకే మందం కావాలి. ముందే ఉతకాలి, కొత్త నూలు ముడుచుకుంటుంది. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు పోదన్న మాట ఊరంతా చెప్తారు కానీ వదిలే రంగును ఉప్పు ఆపదు. తడి తెల్లగుడ్డను మీద పెట్టి వేడి ఇస్త్రీ అదమండి. గుడ్డకు రంగు అంటితే ఆ ముక్క పక్కన పెట్టేయండి, ఎవరు తెచ్చినదైనా సరే. వన్‌టౌన్ వస్త్రలతలో కట్‌పీసులు తెచ్చుకునేవాళ్లు ఎర్ర ముక్కలను తప్పకుండా ఇలా చూడాలి.

అద్దం నిలబెట్టే పద్ధతి లంబాడీ ఆవిడే అందరికీ నేర్పాలి. అద్దం మీద రెండు దారాలు నిలువుగా, రెండు అడ్డంగా బిగువుగా వేసి నడుమ చిన్న గడి చేస్తారు. తర్వాత మూలలకు అడ్డంగా ఇంకో నాలుగు. ఆ దారాల కిందనుంచి సూది తీస్తూ, బట్టను పట్టుకుంటూ చుట్టూ కాజా కుట్టు వేస్తే దారాలు అంచుకు జరిగి ఉంగరంలా నిలుస్తాయి. మొదటి దారాలు వదులైతే అద్దం రాలిపోతుంది, చాలామంది అక్కడే తప్పుతారు. గాజు అద్దం అంచును గోళ్ల ఆకురాయితో ఒకసారి రుద్దితే దారం తెగదు. ఇది పాప కప్పుకునేది కాబట్టి అద్దాలు నోటికి అందని కాళ్ల వైపు రెండు వరసల్లోనే, చదరం అంచుకు ఒకటిన్నర అంగుళం దూరంగా ఉండాలి. ఇంకా భయమనిపిస్తే గాజుకు బదులు తళుకు బట్ట బిళ్లలు పెట్టండి, కుట్టు అదే.

ఇక బుడగ. నలుగురు నాలుగు అంచుల దగ్గర కూర్చుని ఒకేసారి మొదలుపెట్టి ఉంటారు. బట్టలో మిగులు అంతా నడిమికి తోసుకొచ్చి అక్కడ చిక్కుతుంది. ఎప్పుడూ నడిమి నుంచి బయటికి రావాలి. నేల మీద కింది పొర పరిచి, మూలలు టేపుతో అంటించి, మిగతా పొరలు అరచేత్తో సవరిస్తూ పరవండి. ముందు నడిమి నుంచి మూలలకు, తర్వాత నాలుగేసి అంగుళాలకు ఒకటి చొప్పున పొడుగు కచ్చా కుట్లు వేయండి. ఆపైన ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని నడిమి గీతతో మొదలుపెట్టాలి, మూడో మనిషి రెండు వరసలయ్యాకే చేరాలి. వరసకూ వరసకూ అంగుళం ఎడం, అంగుళానికి అయిదు కుట్లు. దారం మూర కంటే పొడుగు పెట్టకండి, చివరికొచ్చేసరికి పీలికలై ముడిపడుతుంది.

ఒకరి చెయ్యి బిగువు, ఒకరిది వదులు. అది మారదు, మార్చక్కర్లేదు. కానీ బొంతలో ఒక మూల ఒకరికి, ఇంకో మూల మరొకరికి పంచితే ఒక మూల ముడుచుకుని, ఇంకో మూల జారుతుంది. ఒక్కొక్కరూ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక వరస పూర్తి చేసి, తర్వాతి వరస పక్కవాళ్లకివ్వాలి. బిగువూ వదులూ బొంతంతా పరుచుకుని సరిపోతాయి.

సిద్దీల కవంద్‌లో నాలుగు మూలలకూ మడిచిన చిన్న ముక్కాణీలు పువ్వుల్లా కుడతారు. అవి లేకపోతే కవంద్ పూర్తి కానట్టే లెక్క. రాజస్థానీ కుటుంబానికి అతుకు పని వచ్చు కాబట్టి ఆ నాలుగు మూలలూ వాళ్లకు ఇవ్వొచ్చు.

జపాన్ స్నేహితురాలికి పెడన కలంకారీ దుప్పటి పంపాను. చూడగానే 'సరసా!' అందట. కానీ రెండుసార్లు మెషిన్లో వేసేసరికి నలుపు చోట్ల వెలిసి గోధుమరంగు తేలిందని ఫోటో పెట్టింది. నాసిరకం కొన్నానా?
— సత్యనారాయణపురం, విజయవాడ

సరసా అన్న మాట జపాన్‌లో ఇలాంటి అద్దకం బట్టలకు పాతకాలం నుంచీ ఉన్నదే. బందరు రేవు నుంచి డచ్చి ఓడలు తీసుకెళ్లిన కోరమాండల్ అద్దకాలు నాగసాకి దాకా చేరాయి. ఫ్రాన్స్ అయితే తన నేతగాళ్లకు గిరాకీ పోతోందని ఈ బట్టను 1686 నుంచి 1759 దాకా నిషేధించింది. నెదర్లాండ్స్‌లో హిండెలోపెన్ అనే ఊళ్లో ఆడవాళ్ల పండగ కోట్లు ఈ బట్టతోనే కుట్టేవారు. మీ స్నేహితురాలు పేరు పెట్టి పలకరించింది మీ దుప్పటినే కాదు, పక్క జిల్లా పనివాళ్లనూ.

వెలవడం బట్టి నాసిరకం అనలేం. కలంకారీ నలుపు పూసిన రంగు కాదు. బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుపముక్కలు, బెల్లం కలిపి వారాల తరబడి పులియబెట్టిన నీటిని దాని మీద అచ్చువేస్తే, కరక్కాయ వగరూ ఇనుమూ కలిసి నల్లబడుతుంది. పులుపు తగిలితే ఆ బంధం విడిపోతుంది. మరక కోసం నిమ్మరసమో వెనిగరో, లేక నిమ్మ ఉప్పు కలిసిన సబ్బుపొడో వాడిందేమో అడగండి. మీ దగ్గర అదే బట్ట ముక్క ఉంటే మూల మీద నిమ్మచుక్క వేసి చూడండి. నలుపు వెలిస్తే అది నిజమైన ఇనుప నలుపే. చెక్కుచెదరకపోతే రసాయన రంగు అయ్యే అవకాశమే ఎక్కువ.

మొదటి రెండు మూడు ఉతుకుల్లో నీళ్లు పచ్చగా, గోధుమగా దిగితే అది మిగులు కరక్కాయ, భయం లేదు. నాలుగో ఉతుక్కి కూడా ఎర్రగా దిగుతుంటే, ఎరుపును బట్టకు పట్టించే పటిక సరిగ్గా పట్టలేదు. చల్లటి నీళ్లు, పులుపూ క్షారమూ లేని సబ్బు, అయిదు నిమిషాలకు మించి నానబెట్టకుండా చేత్తో ఉతుకు, నీడలో ఆరవేయడం: ఇంతే చెప్పండి. ఏళ్లు గడిచాక నల్ల గీతల దగ్గరే ముందు చిరుగుతుంది, ఇనుము నూలును తింటుంది. మడతలు ఎప్పుడూ ఒకేచోట పడకుండా మారుస్తుంటే ఎక్కువకాలం నిలుస్తుంది.

ఆస్ట్రేలియాలో ఉన్న మా అన్నయ్య పిల్లల బడిలో చూపించడానికి కొండపల్లి ఏనుగు అంబారీ పంపాలి. పాడవకుండా ఎలా?
— గొల్లపూడి

కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చేస్తారు, చాలా తేలిక. కాళ్లూ తొండమూ విడిగా చెక్కి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. దెబ్బ తగిలితే విరిగేది ఆ అతుకుల దగ్గరే, తడి తగిలితే వదిలేదీ అక్కడే. బుడగల ప్లాస్టిక్‌ను రంగుకు తాకేలా చుట్టకండి, వేడికి అంటుకుని రంగు ఊడుతుంది. ముందు వెన్నకాగితం, పైన ప్లాస్టిక్. తొండం కింద, కాళ్ల మధ్య మెత్తటి కాగితం ఉండలు పెట్టి, పెట్టెలో కదలకుండా బిగించండి. వరిగడ్డి మాత్రం అసలు పెట్టొద్దు, ఆస్ట్రేలియా క్వారంటైన్‌లో దాన్ని రానివ్వరు. పార్సిల్ ఫారం మీద 'చెక్క బొమ్మ, రంగులు వేసినది' అని స్పష్టంగా రాయండి. బెరడు, పురుగు రంధ్రాలు లేవని పంపేముందు అడుగుభాగం తిప్పి చూసుకోండి. ఎవరైనా చేత్తో తీసుకెళ్తుంటే విమానంలో ఇచ్చే కార్డు మీద చెక్క వస్తువు ఉందని రాయాలి. రాసి చూపిస్తే చూసి, ఇబ్బంది లేకపోతే ఇచ్చేస్తారు, రాయకుండా పెట్టెలో దొరికితే జరిమానా వేస్తారు.